పేర్లు చెరిపిన గుమస్తా

మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడ రైలు పట్టాలకు అవతలి వైపు, మార్కెట్‌కు దూరంగా, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కుష్టు నివారణ కేంద్రం ఉండేది. సైకిలు మీద ఊళ్లు తిరిగి, ఒంటి మీద మచ్చలున్న వాళ్లను వెతికి, నచ్చజెప్పి మందుకు తీసుకురావడం నా పని. నా పేరు కాటమయ్య. రాజేశం అక్కడ రికార్డు గుమస్తా. పద్నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చున్నాం. ఆయన గురించి రాస్తానని అడిగితే, "నా గురించి రాసుకుంటే రాసుకో. మనకాడికి మందుకు వచ్చినోళ్ల పేర్లు, వాళ్ల ఊర్లు మాత్రం రాయకు" అన్నాడు. కాబట్టి ఇందులో రోగుల పేర్లు నేను పెట్టినవి. వాళ్ల ఊళ్ల పేర్లు అసలే లేవు.

ఆ రోజుల్లో ఆ జబ్బును పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. పెద్దరోగం అనేవాళ్లు, అది కూడా గొంతు తగ్గించి. గురువారం గురువారం మా దగ్గర మందులు ఇచ్చేవాళ్లం. మా ముందర మింగాల్సిన మాత్రలు కొన్ని, ఇంటికి తీసుకుపోయే మాత్రలు కొన్ని. ఆ రోజు వరండాలో డెబ్బై, ఎనభై మంది కూర్చునేవాళ్లు. ఏ దవాఖానలోనైనా పేరు పెట్టి కేక వేస్తారు. రాజేశం ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాడు కాదు. తలెత్తి ఒక మనిషి వైపు చూసి తల ఊపేవాడు, అంతే. పదమూడు వందల మంది ముఖాలు ఆయనకు గుర్తు. వాళ్ల కార్డులన్నీ ఒక ఇనుప బీరువాలో ఉండేవి. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది.

"ఇంటికాడ పెట్టి రారాదు, పోతే ఎట్ల?" అని ఒకసారి అడిగాను.

"ఇంటికాడ పెడితే అనసూయ అడుగుతది, గిది దేని చెవి అని. చెప్పాల్సి వస్తది" అన్నాడు. అనసూయ ఆయన భార్య. పెళ్లయి పదేళ్లు దాటినా మా కేంద్రానికి ఎవరెవరు వస్తారో ఆమెకు ఒక్క పేరు కూడా తెలియదు.

ఇంత పట్టింపు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్లు తెలియదు. తర్వాత ఆయనే చెప్పాడు.

రాజేశం వాళ్లది జనగామ. తండ్రి వీరయ్యకు స్టేషన్ రోడ్డులో కిరాణా దుకాణం ఉండేది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చేనాటికి రాజేశం వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాడు. కాలేజీలు మూతపడితే ఇంటికి వచ్చాడు. జనగామలో కుర్రవాళ్లు నిరాహార దీక్షల గుడారం వేశారు. ఏ రోజు ఎవరు కూర్చోవాలి, రైలు ఆపడానికి ఎవరెవరు పట్టాల మీదకు పోవాలి అన్నది ఎవరో ఒకరు రాసిపెట్టాలి. రాజేశం చేతిరాత బాగుంటుందని ఆ పని ఆయనకు అప్పగించారు. ముప్పై ఒక్క పేర్లు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఇల్లెక్కడ అన్నది కూడా. ఎవరికైనా కబురు పంపాల్సి వస్తే పనికొస్తుందని ఆయనే అన్నీ వివరంగా రాశాడు.

ఒక ఉదయం పోలీసులు దుకాణానికి వచ్చారు. చింతపండు బస్తా కింద దాచిన ఆ పేర్ల నోటుబుక్కు వాళ్లకు దొరికింది. ఎస్సై దాన్ని అక్కడే నిలబడి రెండు పేజీలు చదివాడు. "నీ రాత ముత్యాల లెక్క ఉన్నది. మాకు పని తప్పింది" అన్నాడు రాజేశంతో. రెండు రోజుల్లో పంతొమ్మిది మందిని ఇళ్ల నుంచి పట్టుకుపోయారు. వాళ్లలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి కొండల్ అనే స్నేహితుడికి దెబ్బలకు ఎడమ చెవి వినిపించకుండా పోయింది. రాజేశాన్ని కూడా తీసుకుపోయారు గాని నాలుగో రోజు వదిలేశారు. ఒక్క దెబ్బా కొట్టలేదు.

కొండల్ బయటికి వచ్చాక రాజేశం పోయి కలిశాడు. "నీ తప్పేమున్నది. నువ్వు రాయకుంటే ఇంకొకడు రాస్తుండె" అన్నాడట కొండల్. ఆ మాట తనకు ఊరట కాలేదని రాజేశం నాతో చెప్పాడు. "ఇంకొకడు రాస్తే గంత వివరంగా రాయకపోవు, కాటమయ్యా. ఇల్లు ఎక్కడున్నదో ఎవలడిగిన్రు నన్ను?"

డిగ్రీ ఆగిపోయింది. కొన్నాళ్లు దుకాణంలో కూర్చున్నాడు. డెబ్బై నాలుగులో మా కేంద్రంలో గుమస్తా కావాలంటే వచ్చాడు. పేర్లు రాసే పనే మళ్లీ దొరికింది. కానీ ఈసారి తాళం ఆయన చేతిలో ఉంది.

ఎనభై ఆరు చివర్లో మాకు కంప్యూటర్ వచ్చింది. పరదేశపు దాతలు ఇచ్చారు. అంతకుముందు మానుకోటలో ఎవరూ దాన్ని చూసినట్టు లేదు. అప్పటికి కొత్త మందులు వచ్చాయి. ఎవరు ఎన్ని నెలలు మింగారు, ఎవరు మానేశారు అన్న లెక్క దాతలకు మూడు నెలలకోసారి పంపాలి. కార్డులు తిరగేసి ఆ లెక్క తీయడానికి రాజేశానికి పదిహేను రోజులు పట్టేది. కంప్యూటర్ అయితే పది నిమిషాల్లో తీస్తుందన్నారు. రాజేశాన్ని హైదరాబాదుకు పంపి పది రోజులు నేర్పించారు. ఆయన వచ్చి, రెండు వేళ్లతో కొడుతూ, పదమూడు వందల పన్నెండు కార్డులు అందులోకి ఎక్కించాడు. పేరు, వయసు, ఊరు, పని, మచ్చలెన్ని, మందు ఎప్పుడు మొదలైంది. పేర్లు, ఊళ్లు, పనులు ఒక ఫైలులో, మందుల వివరం ఇంకో ఫైలులో.

దాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజనీరు వెంకటేశ్వర్లు. ఓపికగా చెప్పే మనిషి. పని ముగించి చేతులు తుడుచుకుంటుంటే రాజేశం అడిగాడు.

"సార్, దీనికి తాళం యాడున్నది?"

వెంకటేశ్వర్లు పెట్టె ముందు భాగంలో చిన్న తాళం చూపించాడు. చెవి తిప్పితే కీబోర్డు పనిచేయదు.

"గిది పెట్టెకు తాళం. లోపల కార్డులకు?"

"లోపల తాళం లేదండీ. యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఈ రకం దానికి మనుషులు తెలియరు. మీరు కూర్చుంటే మీ మాట వింటుంది. నేను కూర్చుంటే నా మాట వింటుంది. ఎవరు కూర్చుంటే వాళ్లే యజమాని."

"అందరికీ గిట్లనే ఉంటదా?"

"పెద్ద యంత్రాల్లో వేరు. ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక రహస్య పదం ఇస్తారు. ఎవరి ఫైళ్లు వాళ్లే చూసుకోవాలి. అందరి పైనా ఒక సూపర్‌వైజర్ ఉంటాడు, అతను మాత్రం అన్నీ చూడొచ్చు."

"అంటే ఆడ గూడ అసలు చెవి ఇంకొకని దగ్గరనే ఉంటదన్నట్టు" అన్నాడు రాజేశం. వెంకటేశ్వర్లు నవ్వి, మీరు అనవసరంగా పరేషాన్ అవుతున్నారని మా మాటలోనే అన్నాడు.

జనవరిలో ప్రారంభోత్సవం పెట్టారు. మా కమిటీ అధ్యక్షుడు జగపతిరావు. భూములున్న కుటుంబం. కేంద్రానికి స్థలం ఇచ్చింది ఆయనే, దాతలకు ఉత్తరాలు రాసి కంప్యూటర్ తెప్పించిందీ ఆయనే. చెడ్డవాడు కాదు. ఊళ్లో పెద్దమనుషులు ఇరవై మందిని పిలిచాడు. బియ్యం వ్యాపారులు, ఇద్దరు ఆఫీసర్లు, బడిపంతులు ఒకరు, ఒక బాలికల హాస్టల్ కమిటీ సభ్యుడు. మా డాక్టర్ లీలావతి గారు బయట వరండాలో అతిథులకు కొత్త మందుల గురించి చెబుతున్నారు. లోపల వెంకటేశ్వర్లు యంత్రం చూపిస్తున్నాడు.

"ఏ ఊరైనా చెప్పండి సార్. క్షణంలో వివరాలు వస్తాయి" అన్నాడు.

బియ్యం వ్యాపారి ఒకాయన సరదాగా తన ఊరి పేరు చెప్పాడు. వెంకటేశ్వర్లు దాన్ని కొట్టాడు. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో పదకొండు పేర్లు వరుసగా వచ్చాయి. ఇంగ్లీషులో. అక్కడున్న వాళ్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం వచ్చు. నాలుగో వరుసలో సరోజన, ఇరవై ఆరు, వంటమనిషి, బాలికల హాస్టల్ అని ఉంది.

బియ్యం వ్యాపారి ముఖం నల్లబడింది. ఆ పదకొండులో ఆయనకు తెలిసినవాళ్లు ఎవరో ఉన్నారు. హాస్టల్ సభ్యుడు కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. గోడ దగ్గర నిలబడ్డ రాజేశం రెండడుగుల్లో వచ్చి బటన్ నొక్కి తెర ఆర్పేశాడు. "కరెంటు పోయిందా?" అని వెనక ఎవరో అడిగారు. కొందరు చప్పట్లు కొట్టారు. జగపతిరావు టీ తాగుదాం రమ్మని అందరినీ బయటికి తీసుకుపోయాడు.

సరోజన గురించి చెప్పాలి. తల్లిదండ్రులు లేరు. హాస్టల్‌లో వంట చేస్తూ అక్కడే ఒక గదిలో ఉండేది. మోచేతి మీద రెండు మచ్చలు నేనే చూసి గుర్తుపట్టాను. ఏడాదిగా క్రమం తప్పకుండా మాత్రలు మింగుతోంది. ఆమె వల్ల ఎవరికీ అంటుకునే ప్రమాదం లేదని డాక్టరమ్మ రాసి కూడా పెట్టారు. ప్రారంభోత్సవం అయిన మూడో రోజు హాస్టల్ వాళ్లు ఆమెను రావద్దన్నారు. ఆమె వాడిన గిన్నెలు బయట పడేశారు. ఆ సంగతి నాకు ఆ వీధిలో సైకిలు ఆపినప్పుడు తెలిసింది. రాజేశానికి చెప్పాను.

"నేనే కొట్టిన" అన్నాడు. "పని ఏందని ఎవలడిగిన్రు? ఖాళీ గడి ఉన్నదని నింపిన."

మరుసటి గురువారం నలభై ఒక్క మందే వచ్చారు. ఆ పై గురువారం ముప్పై మంది. బియ్యం వ్యాపారి ఊరి నుంచి ఒక్కరూ రాలేదు. నేను ఇళ్లకు పోతే తలుపులు వేసుకున్నారు. ఒక ముసలాయన నన్ను చూసి, "మా పేర్లు టీవీల ఏసిన్రట గదా" అన్నాడు. సరోజన ఎక్కడికి పోయిందో కొన్ని నెలలు ఎవరికీ తెలియలేదు.

రాజేశం లీలావతి గారి దగ్గరికి పోయాడు. ఆమెది డోర్నకల్, తక్కువ మాట్లాడే మనిషి. ప్రారంభోత్సవం రోజు బయట ఉండిపోయినందుకు తనను తాను తిట్టుకుంటూ ఉన్నారు.

"దాతలకు పేర్లు కావాల్నా అమ్మా?"

"అక్కర్లేదు. అంకెలు చాలు."

"మరి పేర్లు మిషన్ల ఎందుకు? నంబరు ఉంచుదాం. నంబరు ఎవలదో ఒక రిజిస్టర్ల చేత్తో రాసి బీరువల పెడత. ఒక చెవి మీ దగ్గర, ఒకటి నా దగ్గర."

"చెయ్యి రాజేశం. ఎవరన్నా అడిగితే నేను చెప్పానని చెప్పు."

ఆయన ఒక సోమవారం పేర్ల ఫైలును తుడిచేయమని యంత్రానికి ఆదేశం ఇచ్చాడు. ఫైలు పోయింది. వెతికితే కనపడలేదు. ఆ రోజు మూడు నెలల తర్వాత మొదటిసారి ఆయన ముఖంలో కొంచెం వెలుగు చూశాను. బుధవారం వెంకటేశ్వర్లు మూడు నెలల తనిఖీకి వచ్చాడు. రాజేశం టీ చెప్పడానికి బయటికి పోయి వచ్చేసరికి, తెర మీద పేర్లన్నీ మళ్లీ ఉన్నాయి.

"మీ పేర్ల ఫైలు పొరపాటున పోయినట్టుంది. తెచ్చిపెట్టాను" అన్నాడు, మంచి పని చేసిన సంతోషంతో.

రాజేశం చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేను తుడిచిన సార్. ఎట్ల వచ్చింది?"

"తుడవమంటే ఇది తుడవదండీ. ఆ ఫైలు పేరులో మొదటి అక్షరం చెరిపేసి, ఈ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దాని మీద ఇంకేదైనా రాసేదాకా పాతది అలాగే ఉంటుంది. ఆ మొదటి అక్షరం మనం చెబితే మళ్లీ తెస్తుంది."

"అంటే పోయిందని నాకు చెప్తది గని, పోదు."

"అంతే."

"అసలు పోవాలంటే ఏం చెయ్యాలె?"

వెంకటేశ్వర్లుకు అప్పుడు అర్థమైంది. జనవరిలో జరిగినదాని పర్యవసానం ఆయనకు ఎవరూ చెప్పలేదు. రాజేశం సరోజన సంగతి చెప్పాడు. అది విని వెంకటేశ్వర్లు, పేరున్న చోటే దాని మీద వేరే అక్షరాలు రాస్తే పాతది పోతుందని, ఒక్క ఆదేశంతో అన్నిటి మీదా రాయొచ్చని చెప్పాడు.

"వద్దు సార్. ఒక్కొక్కటి నేను ఎక్కించిన. ఒక్కొక్కటి నేనే తీస్త. పోయిందని నా కండ్లతోటి చూడాలె."

పదిహేను రోజులు పట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కొత్త రిజిస్టరు పట్టుకుని నంబరు చదివేవాణ్ని. ఆయన ఆ నంబరు తెర మీదకు తెచ్చి, పేరు మీద అడ్డంగా ఒకే అక్షరం నింపి, ఊరు మీద, పని మీద కూడా నింపి, మళ్లీ ఒకసారి తెరిచి చూసి, తర్వాతి నంబరు అడిగేవాడు. సరోజన నంబరు వచ్చినప్పుడు నేను ఆగాను. "చదువు" అన్నాడు.

ఆ పని అయ్యాక ఫ్లాపీలు మిగిలాయి. యంత్రంలో ఉన్నదానికి మూడు కాపీలు తీసి ఉన్నాయి. రెండు మా దగ్గరున్నాయి, వాటినీ అట్లాగే చెరిపాం. మూడోది వేరే కేంద్రాలకు నమూనాగా చూపించడానికి వెంకటేశ్వర్లు కంపెనీ వాళ్లు హైదరాబాదుకు తీసుకుపోయారు. రాజేశం సెలవు పెట్టి రైలెక్కాడు. ఆఫీసులో మూడు గంటలు కూర్చుంటే వాళ్లు ఒక సొరుగు నుంచి తీసి ఇచ్చారు. సాయంత్రం బండికి తిరిగి వచ్చాడు. స్టేషన్‌కు నేను సైకిలు మీద పోయాను.

"దొరికిందా?"

"దొరికింది." సంచీలోంచి తీసి చూపించాడు. "గని వాళ్లు ఇంకో కాపీ తీసుకున్నరో లేదో దీన్ని చూస్తే తెల్వదు. అడిగిన. తీసుకోలే అన్నరు. నోటుబుక్కయితే ఒక్కటే ఉంటుండె. ఎవని దగ్గరున్నదో ఎరుకయితుండె."

ఆ అనుమానం ఆయనను ఎప్పటికీ వదల్లేదు. నన్నూ వదల్లేదు.

ఆగస్టులో సరోజన జాడ దొరికింది. రైల్లో రెండు స్టేషన్ల అవతల, సత్తమ్మ అనే మేనత్త ఇంట్లో ఉంది. ఇద్దరం పోయాం. సత్తమ్మ మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, "ఏం పనుండి వచ్చిన్రు? ఇంకేమన్న మిగిలిందా?" అని అడిగింది. సరోజనే లోపలి నుంచి రమ్మంది. మాత్రలు మానేసి ఏడు నెలలైంది. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోయాయి. ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంది.

రాజేశం నేల మీద కూర్చున్నాడు. "నీ పేరు మిషన్ల ఎక్కించింది నేనే బిడ్డా" అన్నాడు. క్షమించమని అడగలేదు. ఇప్పుడు పేర్లు అందులో లేవని, ఎట్లా తీశామో చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నా గురించి ఇంకేం రాసుకున్రు మీరు?" అని అడిగింది.

పదమూడేళ్లలో మమ్మల్ని ఆ మాట ఎవరూ అడగలేదు. రాజేశం మందులతో పాటు ఆమె కార్డు కూడా తెచ్చాడు. తీసి చదివాడు. పేరు, వయసు, పెండ్లి కాలేదు, వంటమనిషి, మోచేతి మీద రెండు మచ్చలు, మందు మొదలైన తేదీ. కింద ఎప్పుడో నర్సు రాసిన మాట ఒకటి ఉంది. మొదటి రోజు ఏడ్చింది.

"ఏడ్చిన్నని ఎందుకు రాసిన్రు?"

"తెల్వదు."

"కొట్టెయ్యి."

రాజేశం జేబులోంచి కలం తీసి ఆ మాట కనపడకుండా కొట్టేశాడు. కార్డు తిప్పి ఆమెకు చూపించాడు. ఆమెకు చదువు రాదు. నల్లగా గీత పడిందా లేదా చూసింది.

"పని గూడ కొట్టెయ్యి. ఇప్పుడు లేదు గద. పెండ్లి సంగతి గూడ."

కొట్టేశాడు.

"మచ్చలు ఉండనియ్యి. మందియ్యనీకి కావాలె గద."

తర్వాత సత్తమ్మ మాకు మంచినీళ్లు ఇచ్చింది. రెండో గురువారం సరోజన కేంద్రానికి వచ్చి మళ్లీ మందు మొదలుపెట్టింది. జబ్బు నయమైంది. వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఒక వేలు కొంచెం చాచగలిగేది, రెండోది కదలలేదు. లీలావతి గారు హాస్టల్ వాళ్లకు రెండు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. సరోజన సత్తమ్మతో పాటు బీడీలు చుట్టడానికి కూర్చుంది. ఆ వేళ్లతో పని నెమ్మదిగా సాగేది.

అప్పటి నుంచి రాజేశం ప్రతి గురువారం ఒక పని చేశాడు. మందుకు వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని లోపలికి పిలిచి, తలుపు వేసి, వాళ్ల కార్డు వాళ్లకే చదివి వినిపించాడు. తప్పుంటే దిద్దాడు. మందుకు అక్కరలేనిది ఏదైనా వద్దంటే కొట్టేశాడు. దాంతో మాకు చీకటి పడేముందు ఇళ్లకు పోవడం కుదరలేదు. నేను విసుక్కున్నాను కూడా. కానీ ఆ సంగతి ఊళ్లకు పాకింది. నేను చెప్పినప్పుడు నమ్మనివాళ్లు రోగులు చెబితే నమ్మారు. దసరా నాటికి యాభై మంది, ఆ పై వేసవికి అరవై మంది వచ్చారు.

ఆ వేసవిలోనే, ఎనభై ఎనిమిదిలో, జగపతిరావు మా గదిలోకి వచ్చాడు. ఆయన కమిటీ తరపున ఒక బడి పెట్టబోతున్నాడు.

"రాజేశం, ఒక ఆరు ఊర్లయి లిస్టు తీసియ్యి. వంటకు, ఆయాలకు మనుషుల్ని తీసుకోవాలె. ఎవలకున్నదో జర చూసుకోవాలె గద."

"మిషన్ల పేర్లు లేవు సార్. నంబర్లే ఉన్నయి."

"రిజిస్టర్ల ఉన్నయట గద."

"ఉన్నయి సార్. అయి ఇయ్యలేను."

జగపతిరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపంగా లేడు. "నాకు తెల్వదా రాజేశం, మందు మింగితే అంటుకోదని. డాక్టరమ్మ చెప్పింది. మందికి తెల్వదు. రేపు పిల్లల తల్లిదండ్రులు వచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

"మందికి తెల్వదు గనుకనే ఇయ్య సార్."

"జాగ నేనిచ్చిన. మిషను నేను తెప్పించిన. అండ్ల ఏమున్నదో నేను చూడొద్దా?"

"జాగ మీదే సార్. మిషను మీదే. ఆ పేర్లు మాత్రం మీయి గావు. నాయి గూడ గావు. ఆ మనుషులనే అడుగుండ్రి, వాళ్లు చెప్తే వినుండ్రి."

నేను నా పుస్తకంలో తల దించుకుని కూర్చున్నాను. ఒక మాట సాయం చేయలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. జగపతిరావు లేచి నిలబడి, బీరువా వైపు ఒకసారి చూసి పోయాడు. నెల తిరక్కుండా రాజేశానికి బదిలీ కాగితం వచ్చింది. భూపాలపల్లిలో కొత్తగా తెరుస్తున్న చిన్న కేంద్రానికి పొమ్మని. లీలావతి గారు కమిటీతో వాదించారు. తానూ రాజీనామా చేస్తానన్నారు. రాజేశమే ఆమెను ఆపాడు. "మీరు పోతే రెండో చెవి ఎవల చేతికి పోతదో" అన్నాడు. తన తాళంచెవి మొలతాడు నుంచి విప్పి నా చేతిలో పెట్టాడు. జగపతిరావు తర్వాత నన్నూ లిస్టు అడిగాడు. నేను లీలావతి గారి పేరు చెప్పి తప్పించుకున్నాను. ఆమె ఇవ్వనన్నారు. ఆ బడి లిస్టు లేకుండానే మొదలైంది.

మానుకోటలో గురువారం మందుకు వచ్చేవాళ్లు పాత సంఖ్యకు చేరడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇరవై మూడు మంది మాత్రం మళ్లీ రాలేదు. వాళ్ల ఇళ్లకు చాలాసార్లు పోయాను. కొందరు ఊళ్లు విడిచిపోయారు. కొందరు ఇంట్లో ఉండి కూడా లేమని చెప్పించారు.

ఎనభై తొమ్మిది చలికాలంలో మందుల పెట్టెలు తీసుకుని భూపాలపల్లికి పోయాను. పరకాల మీదుగా, రేగొండ దాటి, బస్సు మెల్లగా పోయింది. బొగ్గు గనుల కోసం ఊరు చుట్టూ మట్టి తవ్వి పోశారు. కేంద్రం అంటే ఒక అద్దె ఇల్లు. కంప్యూటర్ లేదు, బీరువా కూడా లేదు, ఒక ట్రంకుపెట్టె ఉంది. అనసూయ నాకు భోజనం పెట్టింది. రాజేశం జుట్టు బాగా నెరిసింది. సంతోషంగా ఉన్నావా అని అడిగితే, "ఉన్న" అని ఊరుకున్నాడు.

భోజనం చేసి కేంద్రానికి పోయేసరికి బయట బెంచీ మీద ఏడుగురు ఉన్నారు. రాజేశం ఒకాయన వైపు చూసి తల ఊపాడు. తండా నుంచి వచ్చిన ముసలాయన, అమర్‌సింగ్ అందాం. లోపలికి వచ్చి కూర్చున్నాడు. నేను లేవబోతే, ఉండవచ్చా అని రాజేశం ఆయననే అడిగాడు. సరేనన్నాక కూర్చున్నాను. కార్డు చదవడం మొదలైంది. పేరు సరే. వయసు అరవై అంటే, ఇంకా ఎక్కువ ఉంటుందన్నాడు. దిద్దాడు. ఇంట్లో ఎవరెవరున్నారన్న దగ్గర, బిడ్డను ఇచ్చిన ఊరి పేరు రాసి ఉంది.

"గది ఎందుకు?" అన్నాడు అమర్‌సింగ్.

"నువ్వు రాకుంటే ఆడికి కబురు పెట్టనీకి."

"నేను వస్త. ఆ ఊరు వద్దు."

రాజేశం ఆ ఊరి పేరు మీద రెండుసార్లు గీత కొట్టి, కార్డు ఆయన ముందుకు తిప్పి చూపించి, మాత్రలు చేతిలో పోసి నీళ్ల గ్లాసు అందించాడు.